జీతం రాళ్లతో సవర బడి నిలిపిన గిడుగు రామమూర్తి పంతులు గారు

ప్రతి ఏటా ఆగస్టు 29న మన ఊళ్ల బడుల్లో ఒక పటానికి పూలదండ వేస్తారు. కళ్లజోడు, తలపాగా, తెల్లని మీసాల పెద్దాయన. తెలుగు భాషా దినోత్సవం అని పిల్లలు పద్యాలు చదువుతారు, వ్యాసరచన పోటీలు పెడతారు. గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారంటే వాడుక భాష కోసం పోరాడిన మనిషి అని మనందరికీ తెలుసు. ఆ మాట నిజమే. కానీ ఆయన జీవితంలో మరో సగం ఉంది. ఆ సగం గిరిజనులది. దాని గురించి ఆ రోజు వేదికల మీద మాట్లాడేవాళ్లు తక్కువ. ఈ స్మారక సంచికలో మేము ఆ సగాన్నే చెప్పదలిచాం.

గుంటూరు, ప్రకాశం నేలల్లో పత్తి, మిరప చేలమధ్య బతికే మన సుగాలీ తండాలకు, ఎరుకల, యానాది కాలనీలకు, నల్లమల అంచుల్లోని చెంచు గూడేలకు ఎక్కడో ఉత్తరాన పర్లాకిమిడిలో పనిచేసిన ఒక బ్రాహ్మణ పంతులుతో ఏం సంబంధం అని మీలో ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. ప్రభుత్వ బడిలో చదివే గిరిజన బిడ్డకు బయటివాళ్లు చేసే సాయం ఎలా ఉండాలో, ఎలా ఉంటే నిలుస్తుందో తెలుసుకోవడానికి తెలుగునాట ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు కనబడలేదు. అదే సంబంధం.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రిది అక్కడ రెవెన్యూ ఉద్యోగం. 1875లో ఆయనకు చోడవరం బదిలీ అయింది. అక్కడే విషజ్వరం తగిలి చనిపోయారు. అప్పటికి కొడుకు పన్నెండేళ్ల పిల్లవాడు. బంధువుల ఆసరాతో విజయనగరం మహారాజా వారి బడిలో చేరి 1879లో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. అక్కడ ఆయన సహపాఠి గురజాడ అప్పారావు. ఇద్దరూ తర్వాత తెలుగు రాత తీరునే మార్చేశారు. కానీ పై చదువుకు వెళ్లే దారి రామమూర్తికి లేదు, ఇంటి బరువు మీద పడింది.

1880లో పర్లాకిమిడి రాజా వారి బడిలో ఉపాధ్యాయుడిగా కుదిరారు. నెలకు ముప్పై రూపాయల జీతం. ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పడం పని. పగలు పాఠం చెబుతూ, రాత్రిళ్లు తానే చదువుకుంటూ 1886లో ఎఫ్.ఎ., 1896లో బి.ఎ. ప్రైవేటుగా పాసయ్యారు. ఉద్యోగం చేసుకుంటూ ఓపెన్ డిగ్రీ కట్టిన అన్నలు, అక్కలు మన తండాల్లోనూ ఉన్నారు. ఆ కష్టం ఎలాంటిదో వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ముఖలింగం గుళ్లలో రాతి మీద ఉన్న పాత శాసనాలను సొంతంగా చదవడం నేర్చుకున్నదీ ఆ రోజుల్లోనే. ఎవరూ నేర్పని పనిని కూర్చుని నేర్చుకోవడం ఆయనకు అలవాటు.

పర్లాకిమిడి అప్పుడు మద్రాసు రాష్ట్రంలో గంజాం జిల్లా. చుట్టూ కొండలు. ఆ కొండల మీద సవరలు. సంతలకు దిగివచ్చినప్పుడు వాళ్ల భాష ఎవరికీ తెలియదు, వాళ్లకు దిగువ వాళ్ల భాష అంతగా తెలియదు. తూకంలో మోసం, అప్పు లెక్కలో మోసం, కచేరీలో మోసం. కాగితం మీద ఏం రాసి ఉందో తెలియని మనిషి చేత వేలిముద్ర వేయించుకోవడం ఎంత తేలికో మన తాతలను అడిగినా చెబుతారు. సవర భాష తెలుగుకు, ఒడియాకు చుట్టం కాదు. అది ముండా కుటుంబానికి చెందిన భాష. మాటల నిర్మాణమే వేరు, గొంతులో ఆగి పలికే ధ్వనులు వేరు. దానికి అప్పటికి లిపి లేదు, పుస్తకం లేదు, నేర్పే బడి లేదు.

ఇక్కడ పంతులు గారు చేసిన మొదటి పనిని మీరు గమనించాలి. ఆయన బడి పెట్టలేదు. పలకలు పంచలేదు. ముందు తాను విద్యార్థి అయ్యారు. సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని, పోషించి, అతని దగ్గర సవర భాష నేర్చుకున్నారు. చదువుకున్న పంతులు, అదీ ఆ కాలపు అగ్రహారం మనిషి, కొండ మనిషిని గురువుగా కూర్చోబెట్టుకోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఒక్కో మాట రాసుకోవడం, మళ్లీ అడిగి సరిచేసుకోవడం, కొండలెక్కి గూడేల్లో వినడం, ఇలా ఏళ్లు పట్టింది. భాషాశాస్త్రం అనే చదువు మన దేశంలో ఇంకా కళ్లు తెరవని కాలం అది.

మన్యంలో తిరిగేవాళ్లను చలిజ్వరం వదలదు. ఆ జ్వరానికి ఉన్న మందు క్వినైన్ ఒక్కటే. అది మితిమీరి వాడటం వల్ల పంతులు గారికి చెవుడు వచ్చింది, జీవితాంతం ఉండిపోయింది. ఒక భాషను చెవితో విని పట్టుకోవాలని కొండలెక్కిన మనిషి చివరికి ఆ చెవులనే పోగొట్టుకున్నారు. దానాల లెక్క చెప్పేటప్పుడు రూపాయలు మాత్రమే లెక్కపెట్టడం మనకు అలవాటు. ఈ ఖర్చు ఏ ఖాతాలో రాయాలో మాకు తెలియడం లేదు.

భాష పట్టుబడ్డాక బడి సంగతి ఎత్తుకున్నారు. సవర భాషలో వాచకాలు రాశారు. పాటల పుస్తకం, కథల పుస్తకం, తెలుగు నుంచి సవరకు, సవర నుంచి తెలుగుకు పదకోశాలు తయారుచేశారు. తన సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆ బడుల్లో పాఠం చెప్పే ఉపాధ్యాయులకు జీతాలు కూడా తన జేబులోంచే ఇచ్చారు. తాను జీతం మీద బతికే బడిపంతులు, జమీందారు కాదు, వ్యాపారి కాదు. సంసారం ఉంది, పిల్లలున్నారు. అందులోంచి తీసి ఇంకొక పంతులుకు జీతం ఇవ్వడమంటే ఇంట్లో ఏదో ఒకటి తగ్గించుకోవడమే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ జీతం సంగతి దగ్గర కాస్త ఆగుదాం. మన ఊళ్లలో బడికి సాయం అనగానే ఏం జరుగుతుందో మీరు చూస్తూనే ఉన్నారు. పలకలు, పుస్తకాలు, బ్యాగులు, కంచాలు, ఒక ఫ్యాను, ఒక మంచినీళ్ల డ్రమ్ము. దాని మీద దాత పేరు పెద్ద అక్షరాలతో. శాలువా, ఫొటో, వాట్సాప్ గ్రూపులో పోస్టు. ఇవేవీ వద్దని మేము అనడం లేదు. మండుటెండలో ఫ్యాను తిరిగితే పిల్లలకు హాయే. కానీ ఆ పిల్లవాడికి అక్షరం రావడానికి అడ్డం పడుతున్నది ఏమిటో దాతల్లో ఎందరు బడి లోపలికి వెళ్లి పంతులమ్మను అడిగారు? పంతులు గారికి ఆ అడ్డం ఏమిటో తెలుసు, ఎందుకంటే ఆయనే బడిపంతులు. పిల్లవాడికి అర్థమయ్యే మాటలో చెప్పే మనిషి లేడు. అందుకే ఆయన డబ్బు ఆ మనిషి మీద పెట్టారు. వస్తువుకు దాతలు దొరుకుతారు, బోధించే మనిషికి నెలనెలా జీతమిచ్చే దాత దొరకడు. ఇది ఆనాటి సంగతీ, ఈనాటి సంగతీ.

1911లో జరిగిన ఒక విషయం మాకు అన్నిటికన్నా పెద్దదిగా అనిపిస్తుంది. ఆ ఏటికి ఆయన ముప్పై ఏళ్ల ఉద్యోగం ముగిసింది. మద్రాసు ప్రభుత్వం ఆయన సవర పుస్తకాలను అచ్చువేసి, మెచ్చి, పారితోషికం ఇవ్వబోయింది. తనకు వద్దన్నారు. ఆ సొమ్ముతో ఒక మంచి బడి పెట్టి సవరలకు సవర భాషలోనే చదువు చెప్పే ఏర్పాటు చేయమని అడిగారు. సవర పిల్లలకు బోధించే ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే బడులు పెట్టమని కూడా వెంటపడ్డారు.

ఈ పనిలో ఉన్న తెలివిని చూడండి. ఒక్కడి జీతం మీద నడిచే బడి ఆ ఒక్కడు ఉన్నంత కాలమే నడుస్తుంది. ఆయనకు జబ్బు చేసినా, ఉద్యోగం మానుకున్నా బడి మూతపడుతుంది. అందుకని తన దానాన్ని ఆయన ఒక నమూనాగా చేసి చూపించారు. ఇలా చెబితే పిల్లలు నేర్చుకుంటారు, ఇదిగో పుస్తకం, ఇక మీ బాధ్యత మీరు తీసుకోండి అని సర్కారు మీదికి తోశారు. గంజాం అధికారులు 1894 నుంచే సవరలకు చదువు చెప్పాలని ప్రయత్నాలు చేస్తున్నారు. వాళ్ల దగ్గర నిధి ఉంది, హోదా ఉంది. లేనిది ఆ భాష తెలిసిన మనిషి. ఆయన చేయి పడ్డాకే ఆ ప్రయత్నాలు ఫలించాయి. దానం ప్రభుత్వ బాధ్యతకు బదులు కాకూడదు, ప్రభుత్వాన్ని కదిలించాలి. మన సంఘం చందాలు పోగుచేసేటప్పుడు దీన్ని మరచిపోతున్నామేమో అని మాకు అప్పుడప్పుడూ అనుమానం కలుగుతుంది. ఊళ్లో దాతలు సాయం చేస్తున్నారు కదా అని టీచరు పోస్టు ఖాళీగా ఉంచితే, ఆ సాయం పిల్లలకు మేలు చేసినట్టా, కీడు చేసినట్టా?

అదే 1910ల్లో మన బాపట్ల దగ్గర స్టువార్టుపురంలో ఏం జరిగిందో పక్కన పెట్టి చూడండి. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి సెటిల్‌మెంటులో పెట్టారు. దాన్ని నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. మనిషి మీద పుట్టుకతోనే దొంగ అనే ముద్ర వేసి, హాజరు పట్టీలో పేరు రాసి, తర్వాత అతన్ని బాగుచేస్తామనడం ఆ పద్ధతి. పర్లాకిమిడి పంతులు గారి పద్ధతి దానికి పూర్తిగా ఎదురు. ఆయన సవరలను బాగుచేయడానికి వెళ్లలేదు, వాళ్ల మాట నేర్చుకోవడానికి వెళ్లారు. సాయం చేసేవాడు ఎదుటివాణ్ణి తనకంటే తక్కువగా చూస్తే ఆ సాయం తీసుకునేవాడి వీపు మీద బరువవుతుంది. మన పెద్దవాళ్లలో ఆ బరువు మోసినవాళ్లు ఉన్నారు.

ఆ ముద్ర చెరిపే పనిలో మన వైపు మరొక పెద్దాయన ఉన్నారని ఇక్కడే చెప్పాలి. నెల్లూరు జిల్లా సింగపేటలో 1897లో పుట్టిన వెన్నెలకంటి రాఘవయ్య గారు. వకీలు, స్వాతంత్ర్య సమరయోధుడు. యానాదుల కోసం, నేరస్థ తెగల చట్టం రద్దు కోసం పనిచేశారు. 1952లో ఆ చట్టం రద్దయింది. ఆదిమజాతి సేవక సంఘం ద్వారా గిరిజన పిల్లలకు బడులు, హాస్టళ్లు నడిపారు. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడేదాకా కనిగిరి, దర్శి, పొదిలి తాలూకాలన్నీ నెల్లూరు జిల్లావే కదా, కాబట్టి ఆయన మన మనిషే. ఆయన మీద విడిగా ఒక సంచిక వేయాల్సినంత కథ ఉంది. మళ్లీ పంతులు గారి దగ్గరికి వద్దాం.

1913లో ప్రభుత్వం ఆయనకు బిరుదు ఇచ్చింది. అప్పటికే ఆయన రెండో యుద్ధంలో దిగి ఉన్నారు. బడి పుస్తకాల్లో గ్రాంథిక భాష తీసేసి, జనం మాట్లాడే తెలుగు పెట్టాలన్న ఉద్యమం అది. 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షులు, ఈయన కార్యదర్శి. ఈ యుద్ధం కథ మీ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది కాబట్టి మేము పొడిగించం. ఒక్క సంగతి మాత్రం చెబుతాం. సవర పిల్లవాడికి తెలుగులో చదువు చెప్పడం ఎంత అన్యాయమో తెలిసిన మనిషికి, తెలుగు పిల్లవాడికి తనకు అర్థంకాని తెలుగులో చదువు చెప్పడం కూడా అన్యాయంగానే కనిపించి ఉంటుంది. వాడుక భాషోద్యమం వేళ్లు సవర కొండల్లో ఉన్నాయని మేము నమ్ముతాం. పండితులు ఒప్పుకోకపోవచ్చు.

ఇంత పోరులోనూ సవర పని ఆపలేదు. ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు. కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఊరిని అలా కలపడం ఆయనకు నచ్చలేదు. ఒరిస్సా ప్రారంభోత్సవం నాడే, యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1938లో సవర నిఘంటువు అచ్చయింది. వినబడని చెవులతో, డెబ్బై దాటిన వయసులో, సొంత ఊరు కాని ఊళ్లో కూర్చుని ఆ అచ్చు కాగితాలు చూసుకున్న మనిషిని ఒకసారి ఊహించుకోండి. అదే ఏడు ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. 1940 జనవరి 22న కన్నుమూశారు. కొడుకు గిడుగు వేంకట సీతాపతి గారు కూడా సవర భాష మీద పనిచేసి తండ్రి దారిలో నడిచారు.

ఆయన పోయిన జనవరి నెల మన దగ్గర మిరప కోతల కాలం. సంక్రాంతి దాటిందంటే ప్రకాశం పడమటి మండలాల నుంచి, కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు ముఠా మేస్త్రీల వెంట గుంటూరు, పల్నాడు చేలకు కదులుతాయి. మార్చి, ఏప్రిల్ దాకా చేను గట్టునే గుడిసె. తల్లి కాయ కోస్తే, పెద్దపిల్ల చిన్నపిల్లను ఎత్తుకుంటుంది, పన్నెండేళ్ల కొడుకు కల్లంలో కాయ తిరగేస్తాడు. యార్డుకు వెళ్లే టిక్కీల మీద ఆ పిల్లల పేర్లు ఉండవు. పత్తి తీతకూ ఇదే వరస. ఊరి బడిలో హాజరు పట్టీలో పేరు ఉంటుంది, పిల్లవాడు ఉండడు. పరీక్షల ముందు వచ్చేసరికి లెక్కల్లో రెండు పాఠాలు, ఇంగ్లీషులో నాలుగు పాఠాలు దాటిపోయి ఉంటాయి. ఆ వెనకబాటుతోనే ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మానేస్తాడు.

ఇలాంటి పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు పెట్టే వీలుంది. తల్లిదండ్రులు వలస వెళ్లినా పిల్లలు ఊళ్లోనే, బడి దగ్గరే ఉండి తిని చదువుకుంటారు. అది కోతలు మొదలైన నెల తర్వాత తెరిస్తే లాభం లేదు, పిల్లలు అప్పటికే బండెక్కి ఉంటారు. ఇక్కడే ఊరి సాయం పనికొస్తుంది. డిసెంబరులోనే ఏయే ఇళ్లు వలస వెళ్తున్నాయో జాబితా రాసి, విద్యా కమిటీ చేత తీర్మానం చేయించి, మండల విద్యాశాఖాధికారి చేతికివ్వడానికి రూపాయి ఖర్చు లేదు. తిరగడానికి ఇద్దరు కుర్రాళ్లు కావాలి. హాస్టలు తెరిచేదాకా సాయంత్రాలు పిల్లలను కూర్చోబెట్టి చదివించే ఒక డిగ్రీ చదివిన చెల్లెలికి నెలకు కొంత ఇవ్వగలిగితే ఇంకా మంచిది. పంతులు గారు చేసింది అదే కదా, బోధించే మనిషిని నిలబెట్టడం. పెళ్లికో, పుట్టినరోజుకో బడి పిల్లలందరికీ ఒక పూట మంచి భోజనం పెట్టాలనుకునే దాతలకు మధ్యాహ్న భోజన పథకంలోనే తిథి భోజనం అనే వీలుంది. బడికి వస్తువో, సమయమో ఇవ్వదలచినవాళ్లకు కేంద్ర విద్యాశాఖ విద్యాంజలి ఉంది. ఉద్యోగాల్లో స్థిరపడిన మన అన్నలు ఎవరికివ్వాలో తెలియక ఆగిపోతుంటారు. వాళ్లకు ఈ సంగతులు చెప్పండి.

భాష సంగతి ఇంకా మిగిలే ఉంది. మన తండాల్లో ఇంట్లో మాట్లాడేది గోర్ బోలీ. ఎరుకల ఇళ్లలో ఎరుకల భాష. యానాదులు, చెంచులు మాట్లాడేది తెలుగే అయినా బడి తెలుగు కాదు. ఒకటో తరగతిలో మొదటి ఆరు నెలలు పిల్ల నోరు మెదపకపోతే మొద్దు అని ముద్ర వేయడం మనలో చాలామంది చూసిందే, కొందరం పడ్డదే. 1911లో పంతులు గారు సవర వాచకం ఇచ్చి అడిగిన దాన్ని ప్రభుత్వం పెద్ద ఎత్తున తలకెత్తుకోవడానికి తొంభై ఏళ్లు పైనే పట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 తర్వాతి దశకంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు తయారయ్యాయి. సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కోలామి, బంజారా. అంటే మన లంబాడీ బిడ్డల మాటకు కూడా ఆ జాబితాలో చోటు దొరికింది. ఎరుకల భాషకు దొరకలేదు.

అందుకని ఈ సంచిక చదివే ఎరుకల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని అప్పగిస్తున్నాం. మీ అమ్మమ్మ, నాయనమ్మలకు వచ్చిన కథలు, జోలపాటలు, వంటింటి మాటలు, చుట్టరికాల పేర్లు తెలుగు లిపిలోనే నోటుబుక్కులో రాయండి, ఫోనులో రికార్డు చేయండి. చెప్పిన ముసలమ్మ పేరు, ఊరు పైన రాయడం మరవకండి. గోర్ బోలీ పాటలు తెలిసిన తండా పెద్దల దగ్గరకు సుగాలీ పిల్లలు కూడా వెళ్లండి. ఒకటో తరగతి పంతులమ్మకు పిల్లలతో మాట కలపడానికి పనికొచ్చే వంద మాటల పట్టిక ముందు తయారుచేద్దాం. అచ్చు ఖర్చు సంఘం చూసుకుంటుంది. కోతలు మొదలైతే ముసలివాళ్లు కూడా తొడిమలు తీసే పనికి కోల్డ్ స్టోరేజీల బాట పడతారు, ఇళ్లలో దొరకరు. సంక్రాంతిలోగా పంపండి.